జారు గొలుసు

(తల్లిదండ్రుల సభయందు మన పాఠశాల ప్రధానోపాధ్యాయులు గావించిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సభలో హాజరును గూర్చియు, పరీక్షలను గూర్చియు, ఇంటివద్ద తెలుగు చదివించుటను గూర్చియు మాటలాడుట మాకు వాడుక. ఆ విషయములన్నియు మా తోడి ఉపాధ్యాయులు ఇదివరకే చెప్పియున్నారు. గావున మాకు మిగిలిన ఈ కొద్ది సమయములో కుక్క మెడకు వేయు గొలుసును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. కొందరి పెదవులపై చిరునవ్వు కనబడుచున్నది. నవ్వుటలో తప్పులేదు. కాని ఈ విషయము బడిసభకు ఎందులకు వచ్చినదో ప్రసంగము ముగియులోపల మీకే బోధపడగలదు.

మన హోసూరు ప్రాంతమున పల్లెలలో కుక్క లేని ఇల్లు అరుదు. రాగిచేనికి అడవిపందుల బాధ, మందకు దొంగల భయము. వీనికి కావలి కుక్కయే. ఆ కుక్కకు మెడలో ఏమియు ఉండదు. ఉన్నను ఒక పాత తాడు. పట్టణము పెరిగిన తరువాత పద్ధతి మారినది. క్రొత్త వీధులలో ఇండ్లు దగ్గర దగ్గరగా వచ్చినవి. బెంగుళూరునుండియు ఇతర ఊళ్ళనుండియు జాతికుక్కలు వచ్చినవి. ఇపుడు సాయంకాలము వీధిలో నిలబడి చూచినచో మన బడిపిల్లలే కుక్కలను త్రిప్పుచు కనబడుదురు. కుక్క ముందు, పిల్లవాడు వెనుక. ఎవరు ఎవరిని త్రిప్పుచున్నారో చెప్పుట కష్టము. లాగుచున్న ఆ కుక్కలలో పెక్కింటి మెడలో మెరయుచుండునది ఇదిగో, ఈ గొలుసు.

దీనిని అంగళ్ళలో చోక్ చైను అందురు. స్లిప్ కాలరు అనియు అందురు. మనము జారు గొలుసు అని చెప్పుకొందము. దీని నిర్మాణము మిక్కిలి సులభము. ఒక గొలుసు, రెండు కొసలకు రెండు కడియములు, అంతే. ఒక కడియములోనుండి గొలుసును దూర్చి లాగినచో ఒక ఉచ్చు ఏర్పడును. దానిని కుక్క తలమీదుగా మెడకు వేయుదురు. జారివచ్చిన కొసన ఉన్న కడియమునకు, మనము చేత పట్టుకొను పగ్గమును తగిలింతురు. పగ్గము లాగినచో ఉచ్చు బిగియును, వదలినచో వదులగును. తోలుతో చేసినవి, నైలాను తాడుతో చేసినవి కూడ కలవు. పగ్గమును ఉచ్చును ఒకే తాడుగా చేసినదానిని స్లిప్ లీడు అందురు. పశువైద్యశాలలలో బెదరిన కుక్కను కొద్దిసేపు పట్టుకొనుటకు దానిని ఉపయోగింతురు.

కుందేలుకు వేయు ఉచ్చునకును దీనికిని సూత్రమొక్కటే. ఉచ్చు ఎంత లాగిన అంత బిగియును. దానికై అది తెలిసికొని ఆగునది కాదు. జారు గొలుసును ఉచ్చునుండి వేరుచేయునది ఒక్కటే: కొసన పట్టుకొన్న చేయి వెంటనే వదలునా, లేదా అనునది. ఆ చేయి లేనపుడు గొలుసు ఉచ్చే. మేము ఈనాడు చెప్పదలచినదంతయు ఈ ఒక్క మాటలోనే ఉన్నది. తక్కినదంతయు దీని వివరణమే.

దీనిని మేము పుస్తకములో చదివి తెలిసికొనలేదు. తెలిసికొన్న విధము చెప్పుటకు మాకు సిగ్గుగానే ఉన్నది, అయినను చెప్పెదము.

మా ఇంట మణి అను కుక్క కలదు. రాజపాళయము జాతి పోలిక గల తెల్లని కుక్క. ఆ పేరు విన్నపుడు మనకు కొంత గర్వము కలుగును. విరుదునగరు జిల్లాలోని ఆ ఊరు తరతరాలుగా తెలుగు మాటలాడు రాజుల నివాసము. ఈ కుక్కజాతికి ఆ ఊరి పేరే పేరైనది. 2005లో మన తపాలా శాఖవారు నాలుగు దేశీయ కుక్కజాతులపై బిళ్ళలు వెలువరించినపుడు అందులో రాజపాళయము ఒకటి, కన్నడదేశపు ముధోలు ఒకటి. ఈ వేటకుక్కలకు తల సన్నము. మెడ ఇంచుమించు తలయంత దొడ్డు. అందుచేత మామూలు బెల్టు నిలువదు. మా మణి తోలుబెల్టును రెండు మారులు తలమీదుగా ఊడదీసికొని వీధిన పడినది. విసిగి, 2022వ సంవత్సరమున దీపావళికి కొన్ని దినముల ముందు, అంగడిలో ఈ జారు గొలుసు కొంటిమి. అంగడివాడు దీనిని ఎట్లు వేయవలెనో చెప్పలేదు, మేమును అడుగలేదు. గొలుసు వేయుటకు కూడ పాఠము కావలెనా అనుకొంటిమి.

ఉదయమున మా ఇంటికి పాలు తెచ్చి పోయు పిల్లవాడు మన బడిలోనే అపుడు ఏడవ తరగతి చదువుచుండెను. రైతుబిడ్డ. వాడు మణిని నిమురుచు గొలుసు చూచి, "సార్, గొలుసు తిరగా ఏసిండారు. ఇడిసినా వదులు కాలేదు" అనెను. "పాలు పోసి పోరా, బడికి ఆలస్యమగును" అంటిమి. రెండు దినముల తరువాత వాడు మరల అదే మాట అనెను. మేము వార్తాపత్రికనుండి తల ఎత్తలేదు.

దీపావళి రాత్రి టపాకాయల చప్పుడునకు మణి పారిపోవునని తలచి దానిని వసారా స్తంభమునకు ఆ గొలుసుతోనే కట్టి, మేము లోపల భోజనమునకు కూర్చుంటిమి. వీధిలో ఏదో పెద్ద బాణసంచా ప్రేలినది. కుక్క బెదరి వసారా పిట్టగోడను దుమికినది. తాడు పొడవు చాలలేదు. గోడకు ఆవలిప్రక్క వెనుకకాళ్ళ మునివ్రేళ్ళు మాత్రము నేలకు ఆనునట్లు వ్రేలాడినది. అరచుటకు దానికి ఊపిరి లేదు గదా; అందుచేత మాకేమియు వినబడలేదు. వినబడినది ఆ పిల్లవాని కేక. పండుగనాడు వాళ్ళ అమ్మ పంపిన కజ్జికాయల గిన్నెతో వచ్చి, చూచి, గిన్నె క్రింద పడవేసి, కుక్కను రెండు చేతులతో కౌగిలించి పైకెత్తి నిలబడియుండెను.

మేము పరుగెత్తి వచ్చితిమి. బరువు తగ్గినది గాని గొలుసు వదులు కాలేదు. వాడు రెండుమారులు చెప్పిన కారణముచేతనే కాలేదు. గొలుసు వెంట్రుకలలో మునిగి కనబడుటయే లేదు. వ్రేళ్ళతో వెదకి, కడియమును పట్టి వెనుకకు నెట్టునప్పటికి ఎంతసేపైనదో ఎరుగము. ఊపిరి అందినంతనే మణి కనులు తెరచి, ఎదుట ఉన్నది ఎవరో తెలియక, పిల్లవాని ముంజేతిని కరచినది. దాని తప్పు లేదు. ప్రాణభయముననున్న ఏ జంతువైనను చేయు పనియే. కరచినను వాడు దానిని క్రింద పడవేయలేదు, మెల్లగా దింపెను.

ఆ రాత్రి చేసిన పనులలో ఒక్కటి మాత్రము సరిగా చేసితిమి. గాయమును కొళాయి క్రింద ఉంచి, సబ్బుతో పదునైదు నిమిషములు కడిగితిమి. పసుపు, సున్నము, కారము వంటివి వేయలేదు, కట్టు కట్టలేదు. వెంటనే ఆసుపత్రికి కొనిపోతిమి. మా కుక్కకు వెర్రికుక్క వ్యాధి టీకా వేయించియున్నను వైద్యులు పిల్లవానికి పూర్తి వరుస వేసిరి: మొదటి దినము, ఆ దినమునుండి మూడవ, ఏడవ, ఇరువదియెనిమిదవ దినములు. రక్తము వచ్చినంత గాయమైనందున గాయముచుట్టును ఇమ్యునోగ్లోబ్యులిన్ అను మందును కూడ ఇచ్చిరి. తల్లిదండ్రులారా, ఇది మాత్రము మరువరాదు. ఆ వ్యాధి లక్షణములు బయటపడిన తరువాత ప్రాణము దక్కుట దాదాపు అసంభవము. ముందుగా టీకా వేయించుకొన్నచో వ్యాధి రానేరాదనవచ్చును. కరచినది ఇంటికుక్కయే గదా అని ఊరకుండరాదు.

మరునాడు పిల్లవాని తండ్రి వచ్చెను. మాటలు పడుటకు సిద్ధముగా ఉంటిమి. అతడు మాతో ఏమియు అనక గొలుసు చేతిలోనికి తీసికొని, అటునిటు జార్చి చూచి, "సార్, దూడకైనా ఇట్లాంటి ముడి ఎయ్యం" అని చెప్పి పోయెను.

ఆ మాట నిజమేగదా! మనలో పశువులను కట్టని ఇల్లు ఎన్ని? పలుపును మెడకు కట్టునపుడు జారని ముడియే వేయుదుము. లేగదూడ రాత్రి చుట్టు తిరిగి పెనుగులాడినను ముడి బిగిసి ఉరిపడకూడదని మన తాతలకు తెలియును. ఆ తెలివి మన పెరటిలోనే ఉండగా, మెరయు గొలుసు కనబడగానే దానిని మరచితిమి.

ఇక మెడను గూర్చి కొంచెము చెప్పవలెను. కుక్క మెడ దృఢమైనది, వెంట్రుకలతో కప్పబడినది, దానికేమగును అని కొందరందురు. మెడ ముందుభాగమున చర్మమునకు కొద్ది లోతులోనే ఊపిరిగొట్టము ఉన్నది. అది మెత్తని ఎముకవంటి మృదులాస్థి వలయములచే నిలిచియుండును. ఆ వలయములు పూర్తి చుట్లు కావు, వెనుకవైపు తెరచియుండును. దానికి పైగా స్వరపేటిక. ఇరుప్రక్కల తలకు రక్తము కొనిపోవు ధమనులు, తలనుండి రక్తము తెచ్చు సిరలు, నరములు, థైరాయిడు గ్రంథి. మనిషి మెడలో ఉన్నవన్నియు అందును ఉన్నవి. గొలుసు బిగిసినపుడు ఆ ఒత్తిడి అంతయు ఒక సన్నని గీతవంటి చోట పడును. మెడపట్టీని లాగినపుడు కుక్క కంటిలోపలి ఒత్తిడి పెరుగుననియు, రొమ్ముపట్టీని లాగినపుడు అట్లు పెరుగలేదనియు 2006లో ప్రచురింపబడిన ఒక పరిశోధన తెలుపుచున్నది. మా మణి బ్రతికినది. కాని ఆనాటినుండి దాని మొరుగు బొంగురుపోయినది. వీధిలో పోవువారు దానికి ముసలితనము వచ్చినదని అనుకొందురు. కారణము మాకు తెలియును.

అటులైన ఈ గొలుసు పుట్టినదెందులకు? కుక్కను ఉరితీయుటకు కాదు. జర్మనీదేశమున కొన్రాడ్ మోస్ట్ అను సైనికాధికారి 1910లో కుక్కల శిక్షణపై పుస్తకము వ్రాసెను. అమెరికాలో విలియం కోహ్లర్ వ్రాసిన పుస్తకము 1962లో వెలువడి బహుళ ప్రచారము పొందెను. అందులో బోధించిన శిక్షణకు ఇట్టి గొలుసు ముఖ్యసాధనము. కుక్క తప్పుచేసినపుడు ఒక్క క్షణము గుంజి, మరుక్షణము వదలుట ఆ పద్ధతి. అందులోను లాగిపట్టుకొని నడచుట లేదు. నిపుణుని చేతిలో గొలుసు నడకసేపంతయు వదులుగానే ఉండవలెను. మన వీధులలో జరుగునది దీనికి సరిగా వ్యతిరేకము. కుక్క లాగుచునే యుండును, పిల్లవాడు పట్టుకొనియే యుండును, గొలుసు బిగిసియే యుండును. కుక్క గురకపెట్టుచు, దగ్గుచు, అయినను లాగుచునే పోవును. బిగింపు ఎడతెగనిదైనపుడు దానివలన నేర్చుకొనుటకు ఏమియు ఉండదు. వదులగుట ఉన్నప్పుడే గదా బిగియుటకు అర్థము!

కాలక్రమమున శిక్షకులలోను పశువైద్యులలోను పెక్కుమంది ఆ గుంజుడు పద్ధతినే విడిచినారు. అమెరికాలోని పశుప్రవర్తన వైద్యుల సంఘమువారు 2021లో వెలువరించిన ప్రకటనలో, కుక్కలకు నేర్పుటకు బహుమాన పద్ధతినే వాడవలెననియు, నొప్పి భయములతో నేర్పు సాధనములను వాడరాదనియు స్పష్టముగా చెప్పిరి. మా అభిప్రాయమును అదియే. ఇంటికుక్కకు, అందులోను పిల్లలు నడిపించు కుక్కకు, జారు గొలుసు అవసరము లేదు.

అయినను మీలో కొందరి ఇండ్లలో ఇది ఇప్పటికే ఉన్నది. రేపే పారవేయుడని చెప్పినంతమాత్రమున అందరును పారవేయరు. గావున దీనివలన కీడు కలుగకుండుటకు తెలియవలసిన సంగతులు చెప్పెదము.

మొదటిది, వేయు విధము. కుక్కను మన ఎడమప్రక్క నడిపించుట వాడుక. కుక్కకు ఎదురుగా నిలబడి గొలుసును పట్టుకొన్నపుడు అది ఇంగ్లీషు 'పి' అక్షరమువలె కనబడవలెను. ఆ ఉచ్చును అట్లే కుక్క తలమీదుగా వేయవలెను. 9 అంకెవలె కనబడినచో తిరగబడినదని అర్థము. కుడిప్రక్క నడిపించువారికి మాత్రము 9 సరియైనది. ఇందలి కీలకమేమనగా, జారు కొస మెడ పైభాగమునుండి వచ్చి కడియములో దూరి మన చేతికి రావలెను. అపుడు పగ్గము వదలగానే కడియము తన బరువుచేతనే క్రిందికి జారి ఉచ్చు వదులగును. జారు కొస మెడ క్రిందినుండి వచ్చినచో, పగ్గము వదలినను గొలుసు బిగిసినది బిగిసినట్లే యుండును. మేము చేసిన తప్పు ఇదే.

అక్షరములు, అంకెలు జ్ఞప్తియందు లేనివారికి ఇంకొక పరీక్ష కలదు. చూడుడు, గొలుసును మా ముంజేతికి వేసికొనుచున్నాము. మా తోడి ఉపాధ్యాయులు పగ్గము కొంచెము లాగి వదలుచున్నారు. వదులైనది. ఇపుడు త్రిప్పి వేసికొనుచున్నాము. లాగి వదలినారు. చూచితిరా, ఇంకను పట్టుకొనియే యున్నది! ఇంటికి పోయి మీరును మీ చేతికే వేసికొని చూడుడు. మన చేతికి నచ్చనిది కుక్క మెడకు వేయకుందురు గాక.

రెండవది, కొలత. గొలుసు తలమీదుగా దూరవలెను గావున కుక్క తల మిక్కిలి వెడల్పైన చోట చుట్టుకొలత తీసి, దానికి రెండంగుళములు, అనగా సుమారు 5 సెంటీమీటర్లు, చేర్చిన పొడవు చాలును. మరీ పొడవైనచో వదులైనపుడు జారి భుజములపై పడును, కాలు చిక్కుకొనును. పొట్టిదైనచో బలవంతముగా దూర్చవలసివచ్చును.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది. జారు గొలుసుతో కుక్కను ఎన్నడును కట్టివేయరాదు. స్తంభమునకు గాని, కిటికీకి గాని, చెట్టునకు గాని, బండికి గాని కట్టరాదు. ఒక్క నిమిషమే గదా అనరాదు. స్తంభమునకు వదలుట తెలియదు.

నాలుగవది, నడక ముగిసి ఇంటికి రాగానే తీసివేయవలెను. కట్టకపోయినను, మెడలోనున్న గొలుసు కడియము తలుపు గడియకు, కంచెకు, మంచపుకోడునకు తగులుకొనవచ్చును. రెండు కుక్కలు ఆడుకొనునపుడు ఒకదాని దవడ రెండవదాని గొలుసులో చిక్కినచో రెండును పెనుగులాడును; మొదటిది దవడ విరుగగొట్టుకొనును, రెండవది ఊపిరాడక చచ్చును.

ఐదవది, కొన్ని కుక్కలకు ఇది బొత్తిగా పనికిరాదు. ఎదుగుచున్న పిల్లలకు వేయరాదు. పగ్గు, బుల్‌డాగు వంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఊపిరియే కష్టము, వానికి వేయరాదు. పొమరేనియను వంటి చిన్నజాతులలో ఊపిరిగొట్టము మెత్తబడి ముడుచుకొను జబ్బు సామాన్యము, వానికి వేయరాదు. దగ్గుచున్న కుక్కకు, కంటిజబ్బు గల కుక్కకు, మెడ గాయమున్న కుక్కకు వేయరాదు.

ఆరవది, పిల్లల చేతికి ఇయ్యరాదు. పిల్లవాని బలము చాలక పగ్గమును మణికట్టుకు చుట్టుకొనును. కుక్క పరుగెత్తినచో పిల్లవాడు పడును. పడినవాని బరువంతయు గొలుసుమీద పడును. ఇద్దరికిని అపాయము.

మరి దేనిని వాడవలెనందురా? సామాన్యమైన కుక్కకు బకిలుతో పెట్టుకొను వెడల్పాటి బెల్టు చాలును. బెల్టునకు మెడకు నడుమ రెండు వ్రేళ్ళు సులభముగా దూరవలెను. మిక్కిలి లాగు కుక్కకు రొమ్మునకు వేయు పట్టీ, దానిని హార్నెస్ అందురు, మేలైనది. అందులోను రొమ్ముముందు కడియము ఉన్నచో కుక్క లాగినపుడు దాని శరీరము మనవైపే తిరుగును గాని గొంతు నొక్కుకొనదు. రాజపాళయము, ముధోలు, చిప్పిపారై వంటి సన్నతల కుక్కలకు మార్టింగేల్ అను బెల్టు కలదు. అందులో రెండు చుట్లుండును: పెద్దది మెడకు, చిన్నది పగ్గమునకు. లాగినపుడు పెద్దచుట్టు మెడచుట్టుకొలతవరకు మాత్రము బిగిసి ఆగును. గొంతు నొక్కదు, తలమీదుగా ఊడదు. కాని కొలత సరిగా దిద్దవలెను. దీనిని కూడ కుక్కను కట్టివేయుటకు వాడరాదు. ఇపుడు మా మణి మెడలో ఉన్నది నడకవేళ ఈ బెల్టే. మేము ముందే విచారించి యుండినచో ఈ కథయంతయు లేకపోవును.

ఇక నడక నేర్పుట. కుక్క లాగినపుడు మనము నిలబడిపోవలెను. పగ్గము వదులైనపుడు ముందుకు అడుగువేయవలెను. మన ప్రక్కన నడచినపుడు చిన్న ముక్క రొట్టెయో, ఉడికించిన గ్రుడ్డు ముక్కయో పెట్టి మెచ్చుకొనవలెను. లాగినచో దారి సాగదు, లాగనిచో సాగును అని కుక్క కొలదివారములలో గ్రహించును. మొదటి దినములలో పది అడుగులు వేయుటకే పది నిమిషములు పట్టును. ఓపిక కావలెను. ఓపిక లేకపోవుటచేతనే గదా మేము గొలుసు కొన్నది!

ఎంత జాగ్రత్తపడినను ఎప్పుడైన కుక్క ఉరిపడినచో చేయవలసిన పని ఇది. మొట్టమొదట దాని శరీరమును పైకెత్తి బరువు తగ్గింపవలెను. తరువాత కడియమును వెనుకకు నెట్టవలెను. తాడైనచో కత్తితో కోయవలెను. గొలుసు కొక్కెమును లాగుచు కూర్చుండరాదు. బిగిసిన కొక్కెము ఊడదు. ముఖమును కుక్క నోటికి దూరముగా ఉంచుకొనవలెను. పిల్లలు ఒంటరిగా దగ్గరకు పోక పెద్దలను కేకవేయవలెను. కుక్క లేచి నిలబడినను పశువైద్యునకు చూపవలెను. గొంతులోని వాపు కొన్ని గంటల తరువాత కూడ పెరుగవచ్చును.

చట్టమును కూడ తెలిసియుండుట మంచిది. జంతువులపట్ల క్రూరత్వమును నివారించుటకు 1960లో చేసిన చట్టములో 11వ విభాగము కలదు. అనుచితమైనంత పొట్టి లేక బరువు గొలుసుతో జంతువును అనుచితమైనంత కాలము కట్టియుంచుటయు, ఎల్లపుడు కట్టియుంచు కుక్కను దాని యజమాని వ్యాయామమునకు త్రిప్పకుండుటయు దానిప్రకారము నేరములే. కాని పోలీసులు వచ్చి చెప్పవలసిన స్థితి మనవారికి రాదని మా నమ్మకము.

తల్లిదండ్రులారా, ఈ సంగతి బడికి ఎందులకు వచ్చినదో ఇపుడు చెప్పెదము. మేము ముప్పదియేండ్లకు మించి పిల్లలకు పాఠములు చెప్పుచున్నాము. వారు మాకు చెప్పునది వినవలసిన అవసరము అంతగా కలుగలేదు. పన్నెండేండ్ల పిల్లవాడు ఒక సత్యమును రెండుమారులు మా ఇంటి గుమ్మములో నిలబడి చెప్పెను. వాడు చెప్పినది వాని ఇంటి పెరటిలోని తెలివి, వాని ఇంటి మాటలో చెప్పెను. మేము పెద్దవారమనియు, చదువుకొన్నవారమనియు వినలేదు. దాని ఫలితమును వాడే తన ముంజేతిపై భరించెను. ఆ మచ్చ ఇంకను ఉన్నది. వాడిప్పుడు పదవ తరగతిలో ఉన్నాడు. ఈ సభలోనే వెనుక వరుసలో కుర్చీలు సర్దుచున్నాడు. పేరు చెప్పవద్దని కోరినాడు గావున చెప్పము. వాని ఎదుట, మీ అందరి ఎదుట, మా తప్పును ఒప్పుకొనుచున్నాము. ఆ రాత్రి వానిని క్షమాపణము కోరితిమి గాని, అది ఆసుపత్రి వసారాలో ఒంటరిగా కోరినది. సభలో కోరవలసినది ఇంకను మిగిలియుండెను.

మీతో మా మనవి మూడు మాటలు. ఈ సాయంకాలము ఇంటికి పోగానే కుక్క మెడ చూడుడు. జారు గొలుసుతో కట్టియున్నచో విప్పి, జారని బెల్టు వేయుడు. కుక్కకు టీకా వేయించి ఏడాది దాటినదేమో చీటీ తీసి చూడుడు. పిల్లలు కుక్కను గూర్చి గాని, మరి దేనిని గూర్చి గాని ఏదైన చెప్పవచ్చినపుడు, పత్రికను ఒక నిమిషము ప్రక్కన పెట్టుడు.

ఈ గొలుసును విజ్ఞానశాస్త్రపు గదిలో మేకుకు తగిలించుచున్నాము. దానిని వేయు విధమును, వదలు విధమును ఏడవ తరగతివారికి ఏటేట చూపుదుము. ఈ ఏడు చూపువాడు ఆ పిల్లవాడే. అందులకు వాడు ఒప్పుకొన్నాడు.